కాలవ పక్కన ఇల్లు, పిల్లలకి ఈత

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌కి చిన్నపిల్లలతో కొత్తగా వచ్చిన మనవాళ్ళు ముందుగా అడిగేది కందిపప్పు ఎక్కడ దొరుకుతుందని. దొరుకుతుంది, ఆ టెన్షన్ అక్కర్లేదు. నేను మాత్రం "పిల్లల పేర్లు ఈత క్లాసుకి రాయించారా?" అని అడుగుతాను.

పాత ఊళ్ళో ఎటు తిరిగినా కాలవే. సైకిలు స్టాండు వేసిన చోటి నుంచి నాలుగడుగులు వేస్తే నీళ్ళు. చాలాచోట్ల రెయిలింగ్ కూడా ఉండదు. మాది కోనసీమ, మా ఇంటి ముందూ పంటకాలవే. అయినా నాకు ఈత రాదు. "గట్టు మీదకి వెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతా" అని మా అమ్మ కేకలేస్తూ పెంచింది. ఇక్కడికొచ్చాక నేనూ మావాడి చెయ్యి వదలకుండా గోడవారనే నడిపించేదాన్ని. ఇక్కడివాళ్ళు భయపడి పిల్లల్ని ఆపరు, ముందు నీళ్ళలోకి దింపి నేర్పిస్తారు. వాళ్ళ పద్ధతే సరైనదని నాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది.

ఈతకి ఏ, బి, సి అని మూడు డిప్లొమాలున్నాయి. నాలుగైదేళ్ళకే మొదలుపెడతారు. చట్టం ప్రకారం తప్పనిసరి కాదు, ఫీజు మనమే కట్టుకోవాలి. వెయిటింగ్ లిస్టు నెలల తరబడి ఉండొచ్చు కాబట్టి ఇల్లు కుదరగానే పేరు రాయించండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ముందు మునిసిపాలిటీలో నమోదు చేసుకుంటే బీఎస్ఎన్ అనే గుర్తింపు నంబరు వస్తుంది, అది లేకుండా ఏ పనీ సాగదు. ఉద్యోగం మీద వచ్చినవాళ్ళు 4 నెలల్లోపు హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకోవాలి. 18 ఏళ్ళ లోపు పిల్లలకి ప్రీమియం ఉండదు, కానీ పాలసీలో వాళ్ళ పేర్లు చేర్పించాలి. జ్వరం వచ్చాక వెతుక్కోకుండా ముందే దగ్గర్లోని హౌస్‌ఆర్ట్స్ దగ్గర, అంటే ఫ్యామిలీ డాక్టరు దగ్గర, పేర్లు రాయించుకోండి. నాలుగేళ్ళు నిండగానే పిల్లలు స్కూలుకి వెళ్ళొచ్చు, అయిదేళ్ళ నుంచి తప్పనిసరి. సైకిలుకి ముందు తెల్ల లేదా పసుపు లైటు, వెనక ఎర్ర లైటు లేకపోతే చీకటి పడ్డాక జరిమానా పడుతుంది. గాలికి గొడుగు నిలవదు, ఇంటిల్లిపాదికీ రెయిన్‌కోట్లు కొనుక్కోండి. కూరగాయలకి గురువారం మార్క్త్ చౌరస్తాలో సంత ఉంటుంది.

మళ్ళీ ఈత దగ్గరికే వస్తాను. మొదటిదైన 'ఏ' డిప్లొమా పరీక్ష ఒంటిమీద బట్టలతోనే మొదలవుతుంది. పొట్టి చేతుల చొక్కా, నిక్కరు, కాళ్ళకి బూట్లు. పిల్లలు కాలవలో పడితే ఒంటిమీద బట్టలుంటాయి కదా, అందుకని. అమ్మమ్మ కుట్టించి పంపిన గళ్ళ చొక్కా వేసుకుని మావాడు నీళ్ళలోకి దూకాడు. చొక్కా బుడగలా ఉబ్బి, తడిసి, వీపుకి అతుక్కుపోయింది. నేను ఒడ్డున తువ్వాలు నలుపుతూ కూర్చున్నాను. తర్వాత నీళ్ళలో తెరలా వేలాడదీసిన టార్పాలిన్ పట్టా వంతు. నీటి అడుగున మూడు మీటర్లు ఈది, దాని మధ్యలో ఉన్న కన్నంలోంచి దూరి బయటికి రావాలి. మావాడి తల అటువైపు తేలేదాకా నాకు ఊపిరాడలేదు.

ఆ సాయంత్రం వీడియో కాల్‌లో అమ్మమ్మకి అంతా చెప్పాడు. కన్నం దగ్గరికొచ్చేసరికి తెలుగు మాట తట్టక డచ్‌లో "ఖాట్" అన్నాడు. ఆవిడకి అర్థం కాలేదు. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి చూపించాడు.

"కన్నమా నాన్నా?"

"ఆ, కన్నం! కళ్ళు తెరిచే దూరాను అమ్మమ్మా."

"బూట్లతోనా! చలెయ్యలేదుట్రా?" అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున స్కూలుకి తయారవుతూ మేజోడు వేసుకుని, కాలెత్తి నాకు చూపించాడు. "అమ్మా, కన్నం."