కూచిపూడి నుంచి మొవ్వ దాకా

విజయవాడ నుంచి బందరు రోడ్డు మీద కంకిపాడు, ఉయ్యూరు దాటి, పామర్రు దగ్గర చల్లపల్లి వైపు తిరిగితే కొద్ది దూరంలోనే కూచిపూడి వస్తుంది. అక్కడికి నాలుగు మైళ్ళ లోపే మొవ్వ. కార్తీకమాసంలో, వరి పొట్ట దాటి కంకి వేసిన రోజుల్లో, మా మేనత్తతో కలిసి ఈ రెండు ఊళ్ళూ చూడడానికి వెళ్ళాను. కూచిపూడికి నాట్యం కోసం, మొవ్వకు పదకర్త క్షేత్రయ్య కోసం వెళ్ళేవారు చాలామంది ఉంటారు. మేము వెళ్ళిన పని కొంచెం వేరు. స్త్రీ మీది మోహంతో మొదలై భగవంతుని దగ్గర తేలిన రెండు జీవితకథలు ఇంత దగ్గరదగ్గరగా ఉన్న రెండు పల్లెల్లో ఎలా నిలిచాయో, ఆ నేల మీద నడుస్తూ ఆలోచించుకోవాలనిపించింది.

కూచిపూడిలో ముందు రామలింగేశ్వరస్వామి గుడికి వెళ్ళాం. దర్శనం అయ్యాక మండపంలో కూర్చుని అత్తయ్య, కూచిపూడి నాట్యానికి మూలపురుషుడిగా చెప్పుకొనే సిద్ధేంద్రయోగి కథ ఎత్తుకుంది. తెలిసిన కథే అయినా ఆ ఊళ్ళో వింటుంటే వేరుగా అనిపించింది. చిన్నతనంలోనే పెళ్ళయిన ఆయన చదువు ముగించుకొని, యుక్తవయస్కురాలైన భార్యను తెచ్చుకోవడానికి కృష్ణ అవతలి ఊరికి బయలుదేరాడనీ, నడి ఏట్లో వరద ముంచుకొచ్చి ప్రాణం మీదికి వస్తే ఆతుర సన్యాసం, అంటే చావు ముంచుకొచ్చినప్పుడు తీసుకొనే సన్యాసం, తీసుకొంటున్నానని మనసులో సంకల్పం చెప్పుకొన్నాడనీ, బతికి ఒడ్డెక్కాక ఆ మాటకు కట్టుబడ్డాడనీ సంప్రదాయం చెబుతుంది. ఇదే కథను, కృష్ణుడి మీద తరంగాలనే కీర్తనలు రాసిన నారాయణతీర్థులకూ చెబుతారు. కథ ఎవరిదన్న విచారణ చరిత్రకారులది. ఒకే కథను ఇద్దరు మహనీయులకు అన్వయించి చెప్పుకొన్నారంటే, ఈ తీరవాసుల మనసులో ఆ ఏరు దాటడమన్నది ఎంత గాఢంగా నాటుకొన్నదో తెలుస్తుంది.

నన్ను చాలాకాలంగా పట్టుకొని వదలనిది ఆ తరవాతి ఘట్టం. మరణభయంతో పుట్టిన వైరాగ్యం సాధారణంగా భయంతోపాటే పోతుంది. శ్మశాన వైరాగ్యమని మనం పేరు పెట్టుకొన్నది దాన్నే. సిద్ధేంద్రుడి సన్యాసం అలా పోలేదు. అయితే సన్యాసి అయ్యాక ఆయన ఏం రాశాడు? స్త్రీని నిందిస్తూ వైరాగ్య శతకం రాయలేదు. భామాకలాపం అనే నృత్యనాటకం రాశాడు. భర్త మీది ప్రేమతో, తన అందం మీది గర్వంతో, విరహంతో నిలువెల్లా రగిలిపోయే సత్యభామను సృష్టించాడు. తెర మీదుగా జడ వేసి, తానెవరో సగర్వంగా చెప్పుకొంటూ ప్రవేశించే ఆమె, కృష్ణుడు అలిగి వెళ్ళిపోయాక చెలికత్తె మాధవి ముందు ఒక్కొక్క మెట్టే దిగి వస్తుంది. అహంకారం కరగడానికి అడవులూ ఉపవాసాలూ అక్కరలేకపోయాయి. ప్రేమించినవాడు కనిపించకపోవడమే చాలింది. జీవుడు పరమాత్మ కోసం పడే తపనే సత్యభామ విరహమని పెద్దలు చెబుతారు. ఆ వ్యాఖ్యానం నిజమే. కానీ ఆ తపన ఎలా ఉంటుందో ఆయన భార్య కోసం ఏట్లో దిగిన రోజునే ఎరిగి ఉన్నాడనీ, ఆ ఎరుక లేకపోతే భామ పుట్టేది కాదనీ నేను గట్టిగా నమ్ముతాను.

కోరికను శత్రువుగానే చూపే ఉపన్యాసాలు విని విని విసిగినవాణ్ణి కనుక ఈ విషయం మీద నాకు పట్టుదల ఎక్కువ. కామం ఎంత తిన్నా తనివితీరని మహాశనమనీ, దాన్ని వైరిగా తెలుసుకోమనీ గీత మూడో అధ్యాయం చెప్పిన మాట వాస్తవమే. ఏడో అధ్యాయంలో అదే శ్రీకృష్ణుడు, ప్రాణుల్లో ధర్మానికి విరుద్ధం కాని కామాన్ని తానేనని అంటాడు. మొదటి మాటను పదే పదే చెప్పి రెండోదాన్ని దాటవేయడం సరికాదు. బృహదారణ్యకోపనిషత్తు ఇంకా ముందుకు వెళ్ళి, ప్రియురాలి కౌగిలిలో ఉన్నవాడికి లోపలిదీ బయటిదీ ఏదీ తెలియనట్టే, ప్రాజ్ఞుడైన ఆత్మతో కలిసిన పురుషుడికి కూడా ఏమీ తెలియదని, ఆ స్థితిలో అతడు శోకం దాటినవాడని చెబుతుంది. ఋషి బ్రహ్మానుభవాన్ని చెప్పడానికి దాంపత్యాన్ని ఉపమానంగా ఎంచుకొన్నాడంటే, మన పూర్వులు కామాన్ని పురుషార్థాల్లో చేర్చడం వెనక ఎంత ఆలోచన ఉందో ఊహించుకోవచ్చు.

దారి పొడవునా కాలువలు నిండుగా పారుతున్నాయి. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టాకు వచ్చిన నీళ్ళు అవి. వరదై ఊళ్ళను ముంచే కృష్ణే కాలువల్లోకి మళ్ళి పైరుకు అందుతోంది. భగవంతుణ్ణి ప్రియుడిగా కొలిచే మధురభక్తి కోరికను అలాగే మళ్ళిస్తుందని అత్తయ్యతో అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. ‘కాలువ తవ్వేవాడు బయట ఉంటాడురా, మనసుకు ఆ పని ఎవరు చేస్తారు?’ అంది. ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూనే మొవ్వ చేరాం.

మొవ్వ వేణుగోపాలస్వామి గుడి ముందు నిలబడితే ఎవరికైనా గుర్తొచ్చేది, పదాలనే తన శృంగార కీర్తనల్లో క్షేత్రయ్య సంతకంలా వాడిన ‘మువ్వగోపాల’ ముద్రే. వరదయ్య అనే యువకుడు మోహనాంగి అనే దేవదాసిని వలచాడనీ, గోపాలుణ్ణి మెప్పించేలా పాడితేనే దరిచేరనిస్తానని ఆమె అన్నదనీ, పాడుతూ పాడుతూ అతడు ఆ స్వామికే వశమైపోయాడనీ ఐతిహ్యం. పదిహేడో శతాబ్దపు ఈ వాగ్గేయకారుడు కంచి, శ్రీరంగం వంటి క్షేత్రాలు తిరిగి క్షేత్రయ్యగా ప్రసిద్ధుడయ్యాడు. మధుర తిరుమల నాయకుడి దగ్గర, తంజావూరు విజయరాఘవ నాయకుడి దగ్గర, గోలకొండ పాదుషా దగ్గర తాను పాడిన పదాల లెక్కను ఆయనే ఒక పదంలో చెప్పుకొన్నాడు. ఆ లెక్క 4,000 దాటుతుంది. మనకు దొరుకుతున్నవి కొన్ని వందలు మాత్రమే.

అత్తయ్య ప్రశ్నకు జవాబు మోహనాంగి దగ్గరే ఉందని ఆ గుడి ముందు నాకు తోచింది. వరదయ్య కోరికను ఆమె కసిరి కొట్టలేదు, వెంటనే తీర్చనూ లేదు. అది ఎటు వెళ్ళాలో చూపింది. గురువు చేసే పని అదే. అయినా మన కథల్లో మేలుకొన్నవాడుగా పేరు వరదయ్యకే దక్కింది. ఏటి అవతల భర్త కోసం ఎదురుచూసి, తీరా వచ్చినవాడు సన్యాసినని చెబితే సమ్మతించిందనే ఆ సిద్ధేంద్రుడి ఇల్లాలి గురించి కథ ఇంకొక్క మాట కూడా చెప్పదు. ఆమె త్యాగం ఏ సన్యాసానికి తీసిపోతుంది?

నిజానికి క్షేత్రయ్య పదాలను కాపాడినవారు కూడా ఇలాంటి స్త్రీలే. దేవదాసీల కుటుంబాలు తరతరాలుగా వాటిని పాడి, అభినయించి నిలబెట్టాయి. 1947లో మద్రాసు రాష్ట్రం దేవాలయాలకు స్త్రీలను అంకితమిచ్చే ఆచారాన్ని చట్టం చేసి నిషేధించింది. అది జరగవలసిన పనే. అయితే ఆ నిషేధం కోసం ఉద్యమం సాగిన కాలంలో ఆచారం మీది ఏవగింపు ఆ స్త్రీల పాట మీదికీ పాకింది. వీణ విద్వాంసురాలు ధనమ్మాళ్ ఇంటివారు, ఆమె మనుమరాలైన నర్తకి బాలసరస్వతి పట్టుబట్టి నిలుపుకోకపోతే, మొవ్వలో మొలకెత్తిన ఈ పదాల్లో ఎన్ని కావేరి తీరపు తమిళనాట బతికి ఉండేవో చెప్పలేం.

తిరుగుదారిలో పామర్రు వచ్చేలోగా అత్తయ్య తాను చిన్నప్పుడు నేర్చుకొన్న ఒక పదం గురించి చెప్పింది. పాఠం చెప్పిన గురువుగారు రాగం, తాళం, సంగతులన్నీ శ్రద్ధగా నేర్పి, అర్థం మాత్రం పెళ్ళయ్యాక తెలుసుకొందువులే అన్నారట. పెళ్ళయ్యాక అర్థం తెలిసింది. మామయ్య పోయిన చాలా ఏళ్ళకు అది మళ్ళీ మారిందని అంది. ఎలా మారిందని అడిగితే, ‘మొదట్లో రానివాడి మీద కోపంగా పాడేదాన్ని. ఇప్పుడు పాడుతుంటే ఎవరూ రావలసినట్టు ఉండదు, పిలుపు మాత్రం ఉంటుంది’ అని, ఆ పదం చరణాలను ఒక్కొక్కటిగా నాకు విడమరచి చెప్పడం మొదలుపెట్టింది.