వరికుప్ప నీడ: నాలుగో బోర్డు

శ్రీకాకుళం జిల్లా గార వైపు, సాలిహుండం కొండ కనిపించే ఒక కళ్లంలో సంక్రాంతికి ముందు మొదలుపెట్టిన వరికుప్ప చిత్రం ఈ ఆదివారం నాలుగో బోర్డుకు చేరింది. మొదటి మూడింటిలో కుప్ప బాగానే కుదిరింది గాని నీడలో జీవం లేకుండా పోయింది. పసుపులో నలుపు కలిపితే పాచిపట్టిన ఆకుపచ్చ వస్తుందని తెలిసి కూడా మూడుసార్లూ అదే చేశాను. "ఏటి బాబూ, కుప్ప కింద బొగ్గు పోసీసినావేటి?" అని కళ్లం యజమాని అడిగినప్పుడు నవ్వేశాను గాని, తప్పును సరిగ్గా పట్టుకున్నది ఆయనే.

ఈసారి నలుపు ట్యూబును ఇంట్లోనే వదిలేశాను. అల్ట్రామెరైన్ నీలం రెండు వంతులు, అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు ఒక వంతు, రంగులు కలిపే కత్తి మొనకు అంటినంత తెలుపు కలిపి నీడ వేసి, దాని అంచునే ఎండ పడిన మోళ్లకు కాడ్మియం పసుపు పెట్టగానే ఆ ఊదారంగు తానంతట తానే ముదిరినట్టు కనిపించింది. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో నల్లరంగు వెలవెలబోతోందని ఫిర్యాదులు వచ్చినప్పుడు, లోపం అద్దకంలో కాదు, పక్కనున్న రంగుల్లో ఉందని తేల్చిన షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త 1839లో ప్రచురించిన సూత్రం ఇదే. చదివినప్పుడు తలకెక్కలేదు, కళ్లంలో ఎక్కింది.

సూర్యుడు కుప్ప వెనక నుంచి లేస్తాడు కనుక ఆరున్నర దాటాక నీడ నా కాళ్లదాకా సాగుతుంది. ఏడుంబావుకల్లా మంచు విడిపోయి, కొండ మీది నీలం పలచబడి, వేసినదానికీ ఎదురుగా ఉన్నదానికీ పొంతన ఉండదు. ఫ్రెంచ్ చిత్రకారుడు మోనే 1890, 91లలో తన ఊరు జివెర్నీలో కుప్పలను సుమారు పాతికసార్లు చిత్రించినప్పుడు వెలుగు మారినకొద్దీ కాన్వాసు మార్చేవాడు. నేను 10×12 అంగుళాల బోర్డులు రెండే తీసుకెళుతున్నాను, సైకిల్ మీద అంతకుమించి పట్టవు. తొలిపూతకు రంగును పలచన చేసే టర్పెంటైన్ మాత్రమే వాడి, లిన్సీడ్ నూనెను పైపూతలకు అట్టిపెట్టడం వల్ల రంగులు బురద కాలేదు. గాలికి ఎగిరొచ్చిన పొట్టు మాత్రం తడిరంగులో అంటుకుంది. కత్తితో తీయబోతే గీత పడింది, మిగిలిన నాలుగు పొట్టుముక్కలనూ అలాగే ఉంచేశాను.

దూరపు తాటిచెట్లు ఇంకా ముదురుగానే ఉన్నాయి, వాటిలో కొండ నీలం కొంత కలపాలి. బుధవారం నూర్పు మిషను వస్తుందట. ఐదో బోర్డుకు మిగిలినవి రెండు ఉదయాలు.