రెండు లెక్కలు వేరని బ్యాంకును ఒప్పించడానికి నాలుగు నెలలు

నిన్న సాయంత్రం మెసేజ్ వచ్చింది. నా క్రెడిట్ కార్డు ఖాతాలో రూ. 36,750 జమ. దాని కింద వడ్డీ, లేటు ఫీజు కూడా వెనక్కి వేశారు. నాలుగు నెలల తర్వాత రాత్రి కడుపునిండా అన్నం తిన్నాను. వేడి మీద ఉన్నప్పుడే రాసేస్తే ఎవరికైనా పనికొస్తుందని కూర్చున్నాను.

జరిగింది మామూలు కథే. ఉదయం 11:10కి పదంకెల మొబైల్ నంబరు నుంచి ఫోను. చక్కటి తెలుగు. నా పేరు, కార్డు చివరి నాలుగంకెలు అతనే చెప్పాడు. "9,870 రివార్డు పాయింట్లు ఈ రాత్రికి పోతాయి సార్, లింకు పంపుతున్నాను" అన్నాడు. లింకులో బ్యాంకు గుర్తు ఉంది. కార్డు నంబరు, ఎక్స్‌పైరీ, వెనకున్న మూడంకెలు కొట్టాను. ఓటీపీ వస్తే చదివి చెప్పాను. ఓటీపీ మెసేజ్‌లోనే ఎంత మొత్తమో, ఎవరికి వెళుతుందో రాసి ఉంటుంది. అతను మాటలు ఆపకపోవడం వల్ల ఆ వాక్యం నా కంటపడలేదు, అంకెలే చూశాను. రెండో ఓటీపీ చదవబోతుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి "ఎవరికండీ అంకెలు అప్పజెబుతున్నారు?" అంది. అప్పుడు పైన చూస్తే 11:21కి రూ. 48,900 వెళ్ళిపోయినట్టుంది. ఫోను కట్ చేశాను.

11:26కి కస్టమర్ కేర్‌కి చేశాను. ఒకటి నొక్కండి, నాలుగు నొక్కండి అంటూ పాట వినిపించారు. మనిషి దొరికి ఫిర్యాదు నంబరు మెసేజ్ వచ్చేసరికి 11:38. ఈలోగా మా ఆవిడ తన ఫోనులో 1930కి, అంటే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరుకి, చేసింది. ఇంట్లో రెండు ఫోనులుంటే ఇలాగే చేయండి, ఒకటి బ్యాంకుకి, ఒకటి 1930కి. 1930 వాళ్ళు మర్యాదగా మాట్లాడారు. మొత్తం, సమయం, లావాదేవీ నంబరు అడిగి రాసుకున్నారు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మిగతా వివరాలు ఆ రోజే నింపాను. అది అరగంట పని.

అయితే 11:52కి ఇంకో మెసేజ్. ఏదో విదేశీ సైటులో రూ. 36,750. దీనికి ఓటీపీ రాలేదు. విదేశీ సైట్లు చాలావాటికి ఓటీపీ అక్కర్లేదు, కార్డు మీది అంకెలుంటే చాలు. రెండేళ్ళ కిందట డాలస్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు అంతర్జాతీయ వాడకం ఆన్ చేసి, తిరిగొచ్చాక ఆపలేదు. కార్డు బ్లాక్ అయినట్టు మెసేజ్ వచ్చింది 12:04కి. అంటే నా ఫిర్యాదు నమోదైన పద్నాలుగు నిమిషాలకు నా డబ్బు పోయింది. ఈ పద్నాలుగు నిమిషాల కోసమే నా పోరాటమంతా.

మధ్యాహ్నం కాగితం రాసుకుని బ్రాంచికి వెళ్ళాను. తెనాలిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి. ఆ బ్యాంకులో సగం మంది ఖాతాదారులకు నేను మాష్టారినే. కౌంటర్లో కుర్రాడు కాగితం పై రెండు లైన్లు చూసి, హాలంతా వినపడేలా "ఓటీపీ మీరే చెప్పారా? అయిదో క్లాసు పిల్లాడికి కూడా తెలుసండీ చెప్పకూడదని" అన్నాడు. క్యూలో నా దగ్గర పదో తరగతి చదివిన అబ్బాయి ఉన్నాడు, బంగారం లోను కాగితాలతో. తల దించుకుని, తన కుర్చీ నా వైపు జరిపి "కూర్చోండి మాష్టారూ" అన్నాడు. ఆ గొంతులో జాలి విన్నాక డబ్బు పోయిన బాధ నాకు గుర్తులేదు. కూర్చోలేదు.

"బాబూ, ఓటీపీ చెప్పింది మొదటిదానికి. రెండోదానికి ఓటీపీయే లేదు, పైగా నేను ఫిర్యాదు చేశాక పోయింది" అన్నాను. "అంతా కలిపి 85,650 కదా, కార్డు డిపార్ట్‌మెంట్ వేరు, చెన్నైకి మెయిల్ పెట్టుకోండి" అన్నాడు. కాగితం తీసుకోనన్నాడు. నాకు కావలసింది జిరాక్సు మీద ముట్టినట్టు సీలు, తేదీ. అదివ్వడానికి అతని సొమ్మేం పోతుంది? నాలుగింటిదాకా అక్కడే నిలబడ్డాను. మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ చెయ్యి ఊపాడు. చివరికి మేనేజరమ్మ గదిలోంచి బయటికొచ్చి, కాగితం మొత్తం చదివి, ఏమీ మాట్లాడకుండా సీలు వేసి సంతకం పెట్టింది. ఆవిడకి ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

అప్పు ఎగ్గొట్టిన వాడితో మాట్లాడినట్టు మోసపోయిన మనిషితో మాట్లాడడం మన ఆఫీసుల్లో అలవాటైంది. అందుకే చాలామంది సిగ్గుపడి ఫిర్యాదే చేయరు. దొంగలకు అంతకన్నా కావలసిందేముంది?

పన్నెండో రోజు బ్యాంకు జవాబు: లావాదేవీలు ఓటీపీతో ధ్రువీకరించబడ్డాయి, బాధ్యత ఖాతాదారుదే. రెండూ కలిపి కొట్టిపారేశారు. లేని ఓటీపీని ఎక్కడ చూశారో!

రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఉత్తర్వు మా అబ్బాయి పంపాడు, రెండు రాత్రులు కూర్చుని చదివాను. ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల పోయిందయితే, బ్యాంకుకి చెప్పేవరకు జరిగిన నష్టం అతనిదే. చెప్పిన తర్వాత జరిగేది బ్యాంకుదే. తప్పు మనదని నిరూపించాల్సింది కూడా బ్యాంకే. నేను 48,900 అడగలేదు. అది నా పొరపాటు, కట్టేశాను. బిల్లులో మిగతాదీ కట్టి, 36,750 ఒక్కటే వివాదంలో ఉందని రాసిచ్చాను. మీరూ అలాగే చేయండి, కోపంతో మొత్తం బిల్లు ఆపకండి. అయినా రికవరీ వాళ్ళు పొద్దున్నే ఫోను చేసి ఏకవచనంతో మాట్లాడారు. ఆ కాల్సన్నీ రికార్డు చేశాను.

బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు ఓంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టాను. రూపాయి ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. బ్యాంకు కాదన్న జవాబు ఉంటే వెంటనే వెళ్ళొచ్చు, జవాబే రాకపోతే ముప్ఫై రోజులు ఆగాలి. నేను జత చేసినవి నాలుగే: 11:38 మెసేజ్, 11:52 మెసేజ్, 12:04 మెసేజ్, మేనేజరమ్మ సీలు. వాదన ఒక్క పేజీ. పరీక్ష పేపర్లో నా పిల్లలకు చెప్పినట్టే, ప్రతి మెట్టూ వేరుగా రాశాను. బ్యాంకు ఒకసారి సమయం అడిగింది, తర్వాత దిగొచ్చింది.

1930 ఫిర్యాదు వల్ల మొదటి మొత్తంలో రూ. 21,000 ఏదో వ్యాలెట్‌లో ఆగింది. దాన్ని విడిపించడానికి కోర్టు ఉత్తర్వు కావాలన్నారు స్టేషన్లో. మిగతా 27,900 పోయినట్టే.

బ్యాంకులు సేవల కోసం చేసే కాల్స్‌కి 1600తో మొదలయ్యే నంబర్లు వాడాలని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో చెప్పింది. మామూలు మొబైల్ నంబరు నుంచి కార్డు గురించి ఎవరు మాట్లాడినా పెట్టేయండి, కార్డు వెనకున్న నంబరుకి మీరే చేసుకోండి.

రాత్రి భోజనమయ్యాక మా ఆవిడ కార్డు తీసుకుని యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆపేశాను. ఆన్‌లైన్ పరిమితి అయిదు వేలకు దించాను. రేపు సీలున్న ఆ కాగితం జిరాక్సులతో కోర్టుకు వెళుతున్నాను, 21,000 కోసం.