32 స్లాట్లు ఎవరి లెక్క?

గత నెలలో మాదాపూర్‌లోని మా ఆఫీసులో, సర్వర్ల డిస్కులపై నిఘా పెట్టే ఒక చిన్న ప్రోగ్రాంను సమీక్షిస్తున్నప్పుడు, కొత్తగా చేరిన సహోద్యోగి లైనక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టం మూలభాగం) కోడ్ తెరిచి ఒక సంఖ్యను చూపించి, "అన్నా, ఈ మెషీన్‌లో 48 ఫైల్‌సిస్టంలున్నాయి కదా, ఎర్రర్లకు 32 స్లాట్లేనా?" అని అడిగాడు. ఫైల్‌సిస్టం అంటే డిస్కుపై ఫైళ్లను అమర్చి ఉంచే వ్యవస్థ, స్లాట్ అంటే ఒక ఎర్రర్ కబురుకు ఉంచిన చోటు. అప్పటికప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నాను గానీ, ఇంటికి వెళ్లాక ఆ ప్రశ్న వదలలేదు.

ఫైల్‌సిస్టంలో లోపం తలెత్తినప్పుడు ఆ సంగతిని యూజర్ ప్రోగ్రాంకు తెలియజేసే ఏర్పాటు 2022 జనవరిలో విడుదలైన లైనక్స్ 5.16తో, ఫైల్‌సిస్టంలో జరిగేవాటిని ప్రోగ్రాంలకు తెలిపే కెర్నల్ సదుపాయమైన ఫ్యానోటిఫైలోకి వచ్చింది. దీనికి ముందుగానే మెమరీ తీసి పెట్టుకోవడానికి కారణం స్పష్టమే. లోపం బయటపడే క్షణానికి ఫైల్‌సిస్టం తన తాళాలు (ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి మార్చకుండా ఆపేవి) కొన్ని పట్టుకుని ఉంటుంది. ఆ స్థితిలో మెమరీ అడిగితే, కెర్నల్ కొంత మెమరీ ఖాళీ చేయడం కోసం తిరిగి అదే ఫైల్‌సిస్టంలోకి వెళ్లి అక్కడే చిక్కుకుపోవచ్చు. అందువల్ల ఫైల్‌సిస్టం జోలికి పోవద్దన్న షరతుతోనే మెమరీ అడగాలి, ఆ షరతు ఉన్నప్పుడు దొరక్కపోయే అవకాశం పెరుగుతుంది. ఎర్రర్ కబురు అందవలసిన వేళకే అందకుండా పోకూడదని, ఒక్కొక్క ఫ్యానోటిఫై గ్రూపుకు (కబుర్లు అందుకోవడానికి ప్రోగ్రాం తెరిచే ఒక్కో వరుసకు) 32 ఎర్రర్ ఈవెంట్లకు, అంటే కబుర్లకు, సరిపడే మెమ్‌పూల్‌ను (ముందే దాచిన మెమరీ నిల్వను) పక్కన పెట్టారు.

ఇక్కడ మా సహోద్యోగి పొరబడ్డాడు, నిజానికి నేనూ మొదట అలాగే పొరబడ్డాను. 32 అనేది గరిష్ఠ పరిమితి కాదు. మెమ్‌పూల్ ప్రతిసారీ ముందు మామూలు అలకేటర్‌నే (మెమరీ పంచే కెర్నల్ భాగాన్నే) అడుగుతుంది, అక్కడ లేదన్నప్పుడే తన నిల్వలో చేయి పెడుతుంది. పైగా ఒకే ఫైల్‌సిస్టం నుంచి వచ్చే ఎర్రర్లు, ప్రోగ్రాం చదివేలోపు, ఒకే ఈవెంటులో కలిసిపోతాయి. మొదటి ఎర్రర్ వివరం నిలుస్తుంది, తరువాతివి సంఖ్యగా మాత్రమే పెరుగుతాయి. ఈ నిర్ణయం నాకు చాలా నచ్చింది, ఎందుకంటే డిస్కు పాడైనప్పుడు వచ్చే వందల ఎర్రర్లలో అసలు కారణాన్ని చూపేది చాలావరకు మొదటిదే.

దీన్ని పరీక్షించడానికి, ఎర్రర్ వచ్చినా కొనసాగే పద్ధతిలో ఈఎక్స్‌టీ4 అనే ఫైల్‌సిస్టం ఉన్న ఒక డిస్కు విభజనను మౌంట్ చేసి (వాడకానికి జోడించి), చదివే ప్రోగ్రాంను ఆపి ఉంచి, కెర్నల్ సంగతులు ఫైళ్లుగా కనిపించే సిస్‌ఎఫ్ఎస్‌లో, రాసిన ప్రతిసారీ ఒక ఎర్రర్ పుట్టించే ట్రిగ్గర్_ఎఫ్ఎస్_ఎర్రర్ ఫైలులోకి వెయ్యిసార్లు రాశాను. కెర్నల్ లాగ్‌లో 5 సెకన్లకు 10 వరుసలన్న నియంత్రణ ఉండటంతో అక్కడ కాసినే కనిపించాయి. ప్రోగ్రాంను వదిలాక మాత్రం ఒక్క ఈవెంటు వచ్చింది, అందులో లెక్క 1000.

మన పెళ్లిళ్లలో బంతి భోజనాలకు విస్తళ్లు వేసేవారు ఎంతమంది చుట్టాలు వస్తారని కాక, బంతికి ఎంతమంది కూర్చుంటారని చూసుకుని బల్లలు వేస్తారు. ఈ లెక్కా అలాంటిదే: ఎన్ని ఎర్రర్లు వస్తాయన్నది కాదు, చదవకుండా ఒకేసారి ఎన్ని ఫైల్‌సిస్టంల ఈవెంట్లు నిలిచి ఉంటాయన్నది చూడాలి. దానికి కొంత కలపాలి కూడా, ఎందుకంటే కోడ్ ముందు స్లాట్ తీసుకుని, ఆ తరువాతే పాత ఈవెంటులో కలపవచ్చా అని చూస్తుంది; కలిసిపోయే ఎర్రర్ కూడా కాసేపు ఒక స్లాట్ పట్టుకుంటుంది. నిల్వ మొత్తం అయిపోయి, అలకేటర్ కూడా చేతులెత్తేస్తే, ఆ ఎర్రర్‌ను చెప్పబోయిన థ్రెడ్ (ఆ సమయంలో నడుస్తున్న పని) స్లాట్ ఖాళీ అయ్యేదాకా ఆగుతుంది. అంటే తాను కనిపెట్టే ఫైల్‌సిస్టంలోనే లాగ్ రాసుకునే ప్రోగ్రాం, తాను చదివితే తప్ప కదలని థ్రెడ్ కోసం తానే ఎదురుచూడవలసి రావచ్చు. మా ప్రోగ్రాం సరిగ్గా అదే పని చేస్తోంది.

ఆగే వీలే లేనిచోట లెక్క వేరు. ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ రకం) ప్రాసెసర్లలో మెషీన్ చెక్ ఎర్రర్, అంటే హార్డ్‌వేర్ లోపాన్ని ప్రాసెసరే తెలిపే ఎర్రర్, వచ్చినప్పుడు కోడ్ ఎక్కడా ఆగకూడదు, తాళం పట్టకూడదు, కాబట్టి పూల్ పరిమాణమే నిజమైన హద్దు. 2015లో రెండు పేజీల (కెర్నల్ మెమరీని పంచే ముక్కల) నిల్వ, అంటే సుమారు 80 రికార్డులు, చాలనుకున్నారు. పెద్ద యంత్రం ఒక్కసారిగా దెబ్బతింటే అవి చాలవని 2024లో సీపీయూకు రెండు చొప్పున, కనీసం 80కి తగ్గకుండా, మార్చారు.

హార్డ్‌వేర్ ఎర్రర్లను ఫర్మ్‌వేర్ (యంత్రంలోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) ద్వారా అందుకునే ఏపీఈఐ అనే కెర్నల్ భాగంలోనూ ఇలాగే లెక్క ఉంది: ముందుగా తీసిపెట్టే మెమరీ కోసం ఎర్రర్ సోర్సుల (ఎర్రర్లు తెలిపే మూలాల) సంఖ్యను 65,536 బైట్లతో గుణిస్తారు. సోర్సులు 32,767 వరకు ఉంటే ఇబ్బంది లేదు. 32,768 అయితే లబ్ధం 2,147,483,648, అంటే 32 బిట్ల సైన్డ్ (రుణ విలువలు కూడా పట్టే) సంఖ్య పట్టగలిగినదానికి ఒకటి ఎక్కువ. అది రుణసంఖ్యగా మారి, 64 బిట్లకు విస్తరించాక ఊహకందని పరిమాణమై, ఆ మెమరీ ఇవ్వడం కుదరదని కెర్నల్ నిరాకరించేది. 2022లో సోర్సుల సంఖ్యను అన్‌సైన్డ్ (రుణ విలువలు లేనిది) చేసి సరిచేశారు. ఇంత చిన్న గుణకారంలో కూడా తప్పు దొర్లుతుందని చూసినప్పుడు, సమీక్షల్లో సంఖ్యలను తేలిగ్గా దాటేసే నా అలవాటు గుర్తొచ్చి కాస్త సిగ్గనిపించింది.

మరుసటి రోజు ఉదయం ఆ సహోద్యోగిని పిలిచి ఇదంతా చెప్పి, ఇద్దరం కూర్చుని రెండు మార్పులు చేశాం. లాగ్‌ను నిఘాలో లేని వేరే డిస్కుకు తరలించాం. పూల్ గ్రూపుకు ఒకటి చొప్పున ఉంటుంది కాబట్టి, 48 ఫైల్‌సిస్టంలను రెండు గ్రూపులుగా విడగొట్టాం. ఒక్కొక్క దానిలో 24 ఈవెంట్లు నిలిచిపోయినా, దారిలో ఉన్న ఎర్రర్ల కోసం ఇంకా 8 స్లాట్లు మిగులుతాయి.