బాయిలర్ ముల్లు, మిద్దె మీద ట్యాంకు, మన పిల్లలు

రాయలసీమ నుంచి బ్రిటన్ వచ్చి స్థిరపడిన ఇళ్లలో, ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్‌ను ఎవరో వచ్చి చూసుకునే పెట్టెగానే వదిలేస్తుంటారు. అనంతపురంలో ఇల్లు వెచ్చబెట్టుకునే అవసరం ఎవరికీ రాదు కాబట్టి, పెద్దవాళ్లకు ఇందులో తెలిసింది ఏమీ ఉండదనుకుంటాం. అది నిజం కాదు. మిద్దె మీద ట్యాంకు పెట్టుకుని బతికినవాళ్లకు నీటి ఒత్తిడి బాగా తెలుసు. ట్యాంకులో నీటిమట్టం కొళాయి కంటే 10 మీటర్ల ఎత్తున ఉంటే ఆ కొళాయి దగ్గర ఒత్తిడి దాదాపు 1 బార్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం). 3 మీటర్లే ఉంటే 0.3 బార్. పిల్లలకు బార్ అంటే ఏమిటో చెప్పే ముందు కర్నూలులోనో కడపలోనో ఉన్న తాతకు ఫోన్ కలిపి, వాళ్ల ట్యాంకు ఎంత ఎత్తున ఉందో, పై అంతస్తులో ధార ఎందుకు సన్నగా వస్తుందో పిల్లలచేతే అడిగించండి. నిజంగా జవాబు కావాల్సిన ప్రశ్న ఉంటే మాట "తింటివా, బడికి పోతాండావా" దగ్గరే ఆగిపోదు.

ఇక బాయిలర్ సంగతి. ఇప్పటి కాంబి బాయిలర్లలో (ఇంటిని వెచ్చబెట్టడం, కొళాయికి వేడినీళ్లివ్వడం రెండూ ఒక్కటే చేసేవి) రేడియేటర్ల, అంటే గదుల్ని వెచ్చబెట్టే గోడ పలకల, నీళ్లు మూసిన చుట్టులో తిరుగుతాయి. చల్లగా ఉన్నప్పుడు గేజ్ (ఒత్తిడి చూపే ముల్లు) 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. వేడెక్కాక 2 దాకా పోవచ్చు. 3 బార్ దగ్గర, ఒత్తిడి మితిమీరకుండా కాపాడే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని నీళ్లను బయటి గోడకున్న రాగి పైపులోంచి వదిలేస్తుంది. ముల్లు 0.5 కిందికి పడితే చాలా బాయిలర్లు ఆగిపోతాయి. అప్పుడు బాయిలర్ తెర మీద, వైలంట్ కంపెనీదైతే ఎఫ్22, ఐడియల్ లాజిక్ అయితే ఎఫ్1, బాక్సీ మోడళ్లు కొన్నింటిలో ఈ119 అని కోడ్ కనిపిస్తుంది. మీ మోడల్ పుస్తకంలో వేరే అంకెలుంటే వాటినే పాటించండి.

ఒత్తిడి పడగానే నీళ్లు నింపేసి మరిచిపోవడం చాలా ఇళ్లలో జరిగేదే. కొత్త నీళ్లతోపాటు ఆక్సిజన్ లోపలికి పోతుంది, రేడియేటర్లు లోపల తుప్పుపడతాయి, తుప్పు ఆపడానికి కలిపిన ఇన్హిబిటర్ పలచబడుతుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు నింపితే ఫర్వాలేదు. వారం వారం నింపాల్సి వస్తోందంటే కారణం వెతకాల్సిందే.

వెతకడం పిల్లలకు అప్పజెప్పదగ్గ పని. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు ఒక నోటుబుక్కులో వారం రోజులు రెండు అంకెలు రాస్తే చాలు: పొద్దున హీటింగ్ మొదలవకముందు గేజ్ ఎంత, రేడియేటర్లు బాగా వేడెక్కాక ఎంత. రాత్రి భోజనాల దగ్గర ఆ అంకెలను తెలుగులో చదివించి, ఏం జరుగుతోందో వాళ్లనే చెప్పమనండి. కథల పుస్తకంలో రాని తెలుగు ఇక్కడ వస్తుంది: ఎందుకంటే, అయినా సరే, ఒకవేళ అలా కాకపోతే.

చల్లగా 1, వేడెక్కాక 3 దగ్గరికి, మళ్లీ చల్లారేసరికి సున్నా దగ్గరికి. ఇలా ఊగుతుంటే ముందు అనుమానించాల్సింది ఎక్స్‌పాన్షన్ వెసెల్‌ను. 100 లీటర్ల నీళ్లు 10 నుంచి 80 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 3 లీటర్లు పెరుగుతాయి. ఆ పెరిగిన నీళ్లకు చోటిచ్చేది ఈ డబ్బా. మధ్యలో రబ్బరు పొర, ఒకపక్క గాలి, ఒకపక్క నీళ్లు. గాలి మామూలుగా 0.75 నుంచి 1 బార్ ఉండాలి. అది కారిపోతే పెరిగిన నీళ్లకు చోటుండదు, రిలీఫ్ వాల్వ్ తెరుచుకుంటుంది, పోయిన నీళ్లు తిరిగిరావు. దాని గాలి వాల్వ్ సైకిల్ ట్యూబుకు ఉన్నట్టే ఉంటుంది. అందులోంచి గాలికి బదులు నీళ్లు వస్తే పొర చిరిగిందన్నమాట, వెసెల్ మార్చాలి. గాలి తగ్గిందంతే అయితే సిస్టమ్ ఒత్తిడి సున్నాకు దించి మళ్లీ పంపుతో నింపుతారు. ఇది ఎక్కువగా బాయిలర్ మూత లోపల ఉంటుంది కాబట్టి గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో (గ్యాస్ పని చేయడానికి అర్హత ఉన్నవాళ్ల అధికారిక జాబితా) ఉన్న ఇంజనీర్ పని. ఒకసారి తెరుచుకున్న రిలీఫ్ వాల్వ్‌లో చెత్త ఇరుక్కుని పూర్తిగా మూసుకోకపోవచ్చు, దాన్నీ చూడమనండి.

వేడితో సంబంధం లేకుండా రోజూ కొంత కొంత పడుతుంటే కారుడు. రేడియేటర్ వాల్వ్‌ల చుట్టూ పొడి టిష్యూ కాగితం అద్దించి తడి చూడండి. తెల్లగానో పచ్చగానో పేరుకున్న పొక్కు పాత కారుడుకు గుర్తు. బయటి రాగి పైపు మూతికి ఒక రాత్రి ప్లాస్టిక్ సంచి వదులుగా కట్టి, పొద్దున అందులో నీళ్లున్నాయేమో చూడండి. ఏమీ దొరక్కపోతే, హీటింగ్ ఆపి చల్లారాక, బాయిలర్ కింద రేడియేటర్లకు పోయే పైపు వాల్వ్‌నూ తిరిగొచ్చే పైపు వాల్వ్‌నూ రాత్రికి మూసేయండి. అవి మూసి ఉన్నంతసేపు హీటింగ్ వేయకూడదు. పొద్దునకి గేజ్ పడితే కారుడు బాయిలర్‌లోనే ఉంది. పడకపోతే పైపుల్లో, రేడియేటర్లలో ఉంది.

హీటింగ్ వేయకపోయినా ముల్లు పెరుగుతుంటే ఫిల్లింగ్ లూప్ (వీధి నీళ్లను బాయిలర్‌లోకి నింపే గొట్టం) వాల్వ్ సరిగా మూసుకోవడం లేదు. గొట్టం విప్పేశాక కూడా పెరిగితే, లోపల ప్లేట్ హీట్ ఎక్స్‌ఛేంజర్‌కు (కొళాయి నీళ్లకు వేడి అందించే భాగం) చిల్లు పడి వీధి నీటి ఒత్తిడి ఇటు వస్తుండవచ్చు. రేడియేటర్లలో గాలి వదిలాక కొద్దిగా పడటం మాత్రం మామూలే.

నింపాల్సినప్పుడు బాయిలర్ ఆపి, చల్లారనివ్వండి. స్టీలు జాలీ అల్లిన గొట్టం రెండు కొసలూ బిగించి ఉన్నాయో లేదో చూసి, ఒక వాల్వ్ పూర్తిగా, రెండోది మెల్లగా తిప్పండి. గేజ్ దగ్గర నిలబడి అంకెలు చెప్పే పని పిల్లలది. 1.2 అనగానే రెండూ మూసేసి, గొట్టం విప్పి పక్కన పెట్టండి. గొట్టానికి బదులు ఫిల్లింగ్ కీ (నింపే తాళంచెవి) ఉన్న మోడళ్లకు పుస్తకంలోని పద్ధతి వేరు. బాయిలర్ మూత, గ్యాస్ పైపు పిల్లలూ ముట్టుకోకూడదు, మీరూ ముట్టుకోకూడదు. కార్బన్ మోనాక్సైడ్ (వాసన లేని విషవాయువు) అలారం బటన్ నొక్కి పరీక్షించడం మాత్రం వాళ్లకు నేర్పండి.

సంక్రాంతికి ఊరికి పోతే ఇక్కడ గడ్డకట్టే చలి. హీటింగ్ పూర్తిగా ఆపకుండా థర్మోస్టాట్ 12 డిగ్రీల దగ్గర ఉంచండి. ఖాళీ ఇంటికి ఎంత వెచ్చదనం ఉండాలని మీ ఇంటి బీమా అడుగుతోందో పాలసీలో చూసుకోండి. అవ్వాతాతలు ఇక్కడికి వచ్చి పగలు ఒంటరిగా ఉండేటట్టయితే, గేజ్ బొమ్మ గీసి, 1కి, 2కి మధ్య ఆకుపచ్చ రంగు వేసి, కింద తెలుగులో "ముల్లు ఇందులో లేకపోతే మాకు ఫోన్ చేయండి" అని పిల్లలచేత రాయించి బాయిలర్ పక్కన అతికించండి.

అద్దె ఇల్లయితే మరమ్మతు ఇంటి యజమాని బాధ్యత. ఏటా గ్యాస్ తనిఖీ చేయించి పత్రం ఇవ్వాల్సిందీ ఆయనే. ఇంజనీర్ వచ్చినప్పుడు పిల్లల నోటుబుక్కు ఆయన చేతికివ్వండి. ఏ పూట ఎంత పడిందో, నీళ్లు ఏ తేదీన నింపారో అందులో ఉంటే వెసెలా, వాల్వా, పైపా అన్నది తేల్చడానికి ఆయన మళ్లీ వారం ఆగి చూడక్కర్లేదు.