బట్టలు కొట్టని చిమ్మట

ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఎప్పట్లాగే అమ్మకి ఫోన్ చేశాను. "ఇంకా అన్నం తింటున్నానే, అప్పుడే చేశావేంటి?" అంది. అప్పుడు గుర్తొచ్చింది. సెప్టెంబర్ ఆఖరి ఆదివారం న్యూజిలాండ్‌లో గడియారాలు గంట ముందుకి జరుపుతారు. తెనాలికీ వెల్లింగ్టన్‌కీ తేడా ఆరున్నర గంటలు కాస్తా ఏడున్నర అయింది. ఏటా ఇదే తంతు.

వీడియోలో నా వెనక గోడ చూసి, "ఏంటే ఆ పురుగు?" అంది. పెరటి తలుపు దగ్గర లైటుకి వచ్చిన చిమ్మట. అగరొత్తి బూడిద రంగు, మీద అక్కడక్కడా గోధుమ మరకలు, మెడ దగ్గర నూగు. రెక్కలు చాపితే మూడు నాలుగు సెంటీమీటర్లుంటుందేమో.

"తోలెయ్యి, బట్టలు కొట్టేస్తుంది."

అమ్మకి చిమ్మటంటే బీరువా, పట్టుచీరలు, కలరా ఉండలు. ఇది ఆ జాతి కాదు. డెక్లానా ఫ్లొకోసా అంటారు. 1858లో ఫ్రాన్సిస్ వాకర్ అనే కీటక శాస్త్రవేత్త పెట్టిన పేరు. న్యూజిలాండ్‌లో తప్ప సహజంగా ఇంకెక్కడా ఉండదు. దీని గొంగళిపురుగు చెట్ల ఆకులు తింటుంది, కదలకుండా ఉంటే అచ్చం ఎండు పుల్ల. పెద్దయ్యాక పాచిపట్టిన బెరడు మీద వాలిందంటే పక్కనే నిలబడ్డా కనపడదు. పాపం, మా ఇంటి తెల్ల గోడ మీద మాత్రం దొరికిపోయింది. అన్నీ ఒకేలా ఉండవు కూడా. కిందటేడు వచ్చినది ఇంతకంటే చాలా ముదురు రంగు, అసలు వేరే జాతేమో అనుకున్నాను.

గంట తేడాకి కారణం కూడా ఒక రకంగా ఈ పురుగులే అని అమ్మకి చెప్పాను. జార్జ్ వెర్నన్ హడ్సన్ అని, వెల్లింగ్టన్‌లో మేముండే కరోరీ పేటలోనే ఉండేవాడు. వెల్లింగ్టన్ పోస్టాఫీసులో ఉద్యోగం. డ్యూటీ అయ్యాక పురుగులు పట్టుకోడానికి వెలుతురు చాలట్లేదని, వేసవిలో గడియారాలు రెండు గంటలు జరపాలని 1895లో ఇక్కడి ఫిలసాఫికల్ సొసైటీ అనే శాస్త్ర సంఘం ముందు పెట్టాడు. సభ్యులు తేలిగ్గా కొట్టిపారేశారు. 1927లో చట్టమైంది. మరుసటేడు ఈ దేశపు సీతాకోకచిలుకలు, చిమ్మటల మీద ఆయన పెద్ద పుస్తకం వచ్చింది, బొమ్మలన్నీ తనే వేసుకున్నాడు.

"చిమ్మటలు తిరిగేది రాత్రి కదే, వెలుతురెందుకు?" అంది అమ్మ. మంచి ప్రశ్నే. ఆయన చిమ్మటలతో ఆగలేదు, పెంకుపురుగులూ తూనీగలూ అన్నీ కావాలి.

అమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి, "మీ నాన్నా ముప్పయ్యేళ్లు పోస్టాఫీసులోనే చేశారు. గోడ గడియారానికి ఒక్కసారి బ్యాటరీ మార్చిన పాపాన పోలేదు" అంది. పక్క గదిలోంచి నాన్న దగ్గు వినపడింది.

పొద్దున్నే చూస్తే గోడ ఖాళీ. కంచె పక్క చెట్టు మొదలంతా వెతికాను. అక్కడే ఉండుంటుంది.

తర్వాతి ఆదివారం అమ్మకి పదింటికి చేశాను.