21 కోసం వెతికితే పన్నుల చర్చ దొరికింది

థీసిస్ మొదలుపెట్టిన కొత్తలో ప్రాణ రక్షణ, వ్యక్తి స్వేచ్ఛ మీద అధ్యాయం రాస్తున్నాను. ఆ హక్కులు మన రాజ్యాంగంలో ఆర్టికల్ 21లో ఉన్నాయి కాబట్టి, రాజ్యాంగ సభ చర్చల్లో ఆర్టికల్ 21 అని వెతికాను. దొరికింది. తీరా చూస్తే, ఒక మతాన్ని పెంపొందించడానికి ఖర్చుపెట్టే పన్ను కట్టమని ఎవరినీ బలవంతం చేయకూడదన్న నిబంధన మీద చర్చ అది. స్వేచ్ఛకూ పన్నుకూ ఏదో లోతైన సంబంధం ఉందనుకుని రెండు రోజులు నోట్సు రాశాను. ఆ కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి, ఎవరికీ చూపించను.

సంగతి చాలా చిన్నది. 1948 ముసాయిదాలో అంకెలు వేరు. అప్పటి 21 ఇప్పటి 27. మనం 21 అంటున్నది అప్పుడు 15. ప్రాథమిక హక్కుల కోసం సుప్రీంకోర్టుకు వెళ్లే హక్కు ఇచ్చేది, అంబేడ్కర్ రాజ్యాంగానికి ఆత్మ అన్నది 32వ అధికరణ. అది అప్పుడు 25. మా గైడ్ నవ్వలేదు, తిట్టనూ లేదు. పాత అంకెలు ఒక వరుసలో, కొత్తవి పక్క వరుసలో రాసుకుని రమ్మన్నారు. ఆ పట్టిక నా నోటుపుస్తకం మొదటి పేజీలో ఇప్పటికీ అతికించి ఉంది.

సరైన అంకె దొరికాక అసలు కష్టం మొదలైంది. వ్యక్తి స్వేచ్ఛను హరించాలంటే 'చట్టం నిర్దేశించిన పద్ధతి' ఉంటే చాలా, లేక అమెరికాలో లాగా 'డ్యూ ప్రాసెస్' కావాలా అన్నది వివాదం. మొదటిదైతే శాసనసభ చేసిన చట్టం ఉంటే సరిపోతుంది. రెండోదైతే ఆ చట్టం న్యాయంగా ఉందో లేదో కోర్టు కూడా చూస్తుంది. 1948 డిసెంబరు 6న కాజీ సయ్యద్ కరీముద్దీన్, మున్షీ వంటి సభ్యులు డ్యూ ప్రాసెస్ కావాలన్నారు. 13న అంబేడ్కర్ లేచి, శాసనసభనూ పూర్తిగా నమ్మలేం, కొద్దిమంది న్యాయమూర్తులనూ పూర్తిగా నమ్మలేం అన్న అర్థంలో మాట్లాడి, నిర్ణయం సభకే వదిలేశారు. డ్యూ ప్రాసెస్ కోరిన సవరణలు వీగిపోయాయి, 'చట్టం నిర్దేశించిన పద్ధతి' అన్న మాటే నిలిచింది.

ఈ ప్రసంగంలో సగం కోసి అతికించిన వ్యాసాలు ఎన్ని చదివానో! కోర్టులను అనుమానించారని ఒకరు, శాసనసభను అనుమానించారని ఇంకొకరు. రెండూ ఆయన మాటలే, ఆయన వాదన మాత్రం రెండూ కాదు. పైగా కథ అక్కడితో ఆగలేదు. 1949 సెప్టెంబరులో అరెస్టయినవారి రక్షణలతో కొత్త అధికరణ తెచ్చినప్పుడు, అంతకుముందు జరిగిన దానికి ఇది పరిహారం లాంటిదని ఆయనే చెప్పారు. అదే ఇప్పటి 22. డిసెంబరు 13 దగ్గర పుస్తకం మూసేసినవారికి ఈ మలుపు తెలియదు. నేనూ మొదటిసారి మూసేశాను.

ఇంత శ్రమపడి చర్చలు చదివి ముందస్తు నిర్బంధం మీద సుప్రీంకోర్టు ఇచ్చిన 1950 నాటి ఎ.కె. గోపాలన్ తీర్పు తెరిస్తే, సభ్యుల ప్రసంగాలతో అధికరణకు అర్థం చెప్పకూడదన్నారు న్యాయమూర్తులు! ప్రాణం ఉసూరుమంది. డ్యూ ప్రాసెస్‌ను కావాలనే వదిలేశారన్న విషయాన్ని మాత్రం ప్రధాన న్యాయమూర్తి కానియా లెక్కలోకి తీసుకున్నారు. చరిత్ర తెలుసుకోవడానికి చర్చలు కావాలి. కోర్టులో అవి ఎంత బరువు తూగుతాయన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ ఒకే పేరాలో కలిపేసినందుకు నా అధ్యాయం ఒకసారి వెనక్కి వచ్చింది, న్యాయంగానే. అప్పటినుంచి ఏ తీర్పునైనా భిన్నాభిప్రాయంతో, అంటే మెజారిటీతో విభేదించిన న్యాయమూర్తి రాసినదానితో, మొదలుపెట్టి చదువుతున్నాను. పద్ధతి ఉంటే చాలదు, అది న్యాయంగా కూడా ఉండాలని గోపాలన్ కేసులో న్యాయమూర్తి ఫజల్ అలీ ఒంటరిగా చెప్పినదానికి దగ్గరగా కోర్టు 1978లో, మేనకా గాంధీ కేసులో వచ్చింది.

హెడ్‌నోట్ల గురించి, అంటే అచ్చైన తీర్పు మొదట్లో ఉండే సంక్షిప్త సారాంశాల గురించి, ఒక్క మాటే: తీర్పు ఎక్కడుందో వెతకడానికి పనికొస్తాయి, ఉటంకించడానికి కాదు.

ఇప్పుడు, పార్లమెంటు రాజ్యాంగాన్ని ఎంతవరకు సవరించవచ్చో చెప్పిన 1973 నాటి కేశవానంద భారతి తీర్పు మీద కూర్చున్నాను. 13 మంది న్యాయమూర్తులు, 11 తీర్పులు, చివర 9 మంది మాత్రమే సంతకం చేసిన సారాంశం. 'మెజారిటీ ఇలా అంది' అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అందుకే పెద్ద కాగితం మీద 13 గడులు గీసి, ఎవరు ఏ ప్రశ్నకు ఏం చెప్పారో నింపుతున్నాను. పన్నెండు గడులు సిరాతో రాశాను. ఆ 13 మందిలో ఒకరైన న్యాయమూర్తి ఖన్నా గడిలో మాత్రం ఇంకా పెన్సిలే. 1973లో తాను అన్నదానికి 1975లో ఇందిరా గాంధీ ఎన్నికల కేసులో ఆయనే వివరణ ఇచ్చుకున్నారు. ఆ వివరణను అదే గడిలో రాయాలా, పక్కన ఇంకో గడి గీయాలా అన్నది తేలలేదు.